అయిదు దినుసుల పానీయము



1632వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన రాబర్ట్ ఆడమ్స్ అను నాంగ్లేయుడు, తనవలెనే తూర్పు ఇండియా వర్తకసంఘమున కొలువుచేయు కోలీ అను వానికొక జాబు వ్రాసెను. ఆ జాబు చేరవలసిన యూరిపేరు పెటపోలి. అది ఏ సీమదేశమందలి యూరో యని తలపవలదు. కృష్ణాసముద్రసంగమమునకు పడమరగా నున్న మన నిజాంపట్టణమే అది. తొల్లి దానిని పెద్దపల్లి యనెడివారు. ఆ పేరు పరదేశీయుల నాలుకపై నలిగి పెటపోలి యయ్యెను. ఆ జాబులో, మీరందఱు కలసి ఇల్లు చక్కగా నడపుకొనుచుందురని తలంతునని వ్రాయుచు, ఆ వెంటనే ‘పంచ్’ అను పానీయమును త్రాగుటనుగూర్చి యొక మాట చేర్చినాడు. ఆంగ్లభాషలో ఆ పానీయముపేరు వ్రాతకెక్కిన జాడలలో నిప్పటికి దొరకిన మొదటిది ఆ జాబే.

దీనినింతగా చెప్పుటకు కారణమున్నది. ఇప్పుడు పట్టణములందు పెండ్లివిందులలోను, పెద్ద హోటళ్ళలోను, కొందఱి యిండ్లలోను గూడ, రెండు మూడు మద్యములను పండ్లరసములతో కలిపి గాజుపాత్రలలో నిచ్చుచున్నారు. దానిని కాక్‌టెయిల్ అందురు. అనగా కోడితోక. ఆ పేరెట్లు వచ్చెననుటకు కథలు పది గలవు గాని నమ్మదగినది యొకటియు లేదు. ఈ విద్య అమెరికానుండి దిగినదనియు, మనకును దీనికిని పూర్వసంబంధము లేదనియు కుఱ్ఱవారు తలంచుచున్నారు. అమెరికావారి కోడితోకకు తాత ఆంగ్లేయుల పంచ్. ఆ పంచ్ పుట్టినది హిందూదేశపు రేవులలో. దాని తొలి వ్రాతసాక్ష్యము తెలుగు రేవునకు వచ్చిన జాబులో. నేను ఈ ద్రవ్యములలో దేనినీ రుచి చూచినవాడనుగాను; పుస్తకములలో చదివినదే చెప్పుచున్నాను. కావున రుచినిగూర్చి నన్నడుగవలదు, చరిత్రను మాత్రమే యడుగుడు.

పంచ్ అనగా నేమి? సారాయి, చక్కెర, నిమ్మరసము, నీరు, ఏదైన నొక సుగంధద్రవ్యము. ఈ యైదింటిని పెద్ద గిన్నెలో కలిపి, చుట్టును కూర్చుండి, గరిటెతో ముంచి త్రాగుట. 1673వ సంవత్సర ప్రాంతమున మన మచిలీపట్టణములో దిగిన జాన్ ఫ్రయర్ అను వైద్యుడు తన యాత్రాగ్రంథమున, హిందూస్థానీలో ‘పాంచ్’ అనగా అయిదనియు, అయిదు దినుసులుండుటచేతనే దానికా పేరు వచ్చెననియు వ్రాసెను. ఆ గ్రంథము 1698లో అచ్చయినది. అప్పటినుండి ఈ వ్యుత్పత్తి పుస్తకమునుండి పుస్తకమునకు నడచుచున్నది.

వ్యుత్పత్తులయెడల సంస్కృత వ్యాకరణము చదివినవానికి కొంత అనుమానముండుట సహజము. 1638లో సూరతునకు వచ్చిన మాండెల్‌స్లో అను జర్మనుడు వర్ణించిన పంచ్‌లో సారాయి, పన్నీరు, నిమ్మరసము, చక్కెర యని నాలుగే యున్నవి. వంగదేశమున ఫ్రెంచి వైద్యుడు బెర్నియే చూచినదానిలో సారాయి, నిమ్మరసము, నీరు, కొంచెము జాజికాయ. అదియు నాలుగే! ఓడలలో వాడు పెద్ద పీపాకు ఆంగ్లమున ‘పంచన్’ అను పేరున్నది. దానినుండియే యీ మాట వచ్చెనని మఱికొందఱి వాదము. నా మట్టుకు ఫ్రయరు చెప్పినదే సరియని తోచుచున్నది. దినుసులు నాలుగైన చోటకూడ పేరు మాఱలేదనిన, పేరు అయిదింటికి ముందే స్థిరపడి, తరువాత ఎవరికి దొరకినవి వారు కలుపుకొనిరని యర్థము. మన యిండ్లలో పంచామృతమునకు తేనె దొరకక నాలుగింటితో సరిపెట్టినను దానిని చతురమృత మనము గదా.

అయిదింటిని కలుపు అలవాటు మనకు కొత్తది కాదు. పంచామృతము సంగతి చెప్పనక్కఱలేదు. సుశ్రుతసంహితలో విషమజ్వరమునకు పంచసారమను పానీయము చెప్పబడినది. కాచిన పాలు, శర్కర, పిప్పలి, తేనె, నెయ్యి, ఈ యైదింటిని చిలికి యియ్యవలెను. శ్రీరామనవమినాడు మనము చేయు పానకము చూడుడు. నీరు, బెల్లము, మిరియము, శొంఠి, ఏలకి, ఇవియు నైదే. దీనిలో శొంఠికి మారు నిమ్మరసము పిండి, సారాయి చేర్చినయెడల అది పంచ్ అగును. పంచ్‌నుండి సారాయి తీసివేసినయెడల మిగులునది నిమ్మకాయ పానకము. ఆంగ్లనావికుడు మన తీరమున దిగినపుడు ఇంటింట నున్న పానకమును చూచి, దానిలో తనకు కావలసినది పోసికొనెనని నా యూహ. దీనికి పత్రముల సాక్ష్యము లేదు గాని, వస్తువుల సాక్ష్యమున్నది.

మద్యమును కలుపుటకూడ ఇచట ప్రాచీనమే. కౌటిల్యుని యర్థశాస్త్రమున సురాధ్యక్షుడను అధికారికి ఒక అధ్యాయమే యున్నది. మేదకమను మద్యమునకు ద్రోణము నీటిలో అర ఆఢకము బియ్యము, మూడు ప్రస్థముల కిణ్వము వేయవలెనని కొలత చెప్పినాడు. ఆఢకమునకు నాలుగు ప్రస్థములు, ద్రోణమునకు నాలుగాఢకములు గనుక, పదునాఱు పాళ్ళ నీటికి రెండు పాళ్ళ బియ్యము, మూడు పాళ్ళ కిణ్వము. మామిడిరసము కలిపిన సహకారసురయు అందున్నది. అన్నిటికంటె గమనింపదగినది మఱియొకటి. మద్యము రాజు చేతిలోనిదే యైనను, గృహస్థులు శుభకార్యములందు శ్వేతసురను, ఔషధార్థమై అరిష్టమును ఇంట చేసికొనవచ్చునని యతడు సెలవిచ్చినాడు. ఉత్సవములకు, యాత్రలకు నాలుగుదినముల సడలింపుగూడ నిచ్చినాడు. ఇంట కలుపుకొను పానీయమునకు హద్దెక్కడనను ప్రశ్న, చూచితిరా, ఎంత పాతదో! ఎక్సైజువారి చట్టములలో నేటికిని సగము ఈ తగవే.

ఇక ఆంగ్లేయులకు పంచ్ కలుపుకొను నవసరమెట్లు కలిగెను? 1611లో ‘గ్లోబు’ అను ఓడ, హిప్పన్ అను నాయకుని క్రింద, పెటపోలికిని, మచిలీపట్టణమునకును వచ్చినది. స్వదేశమునుండి తెచ్చుకొన్న యవలమద్యము అంత దూరపు ప్రయాణములో వేడికి పాడగును, ద్రాక్షమద్యము పులియును. చేతికి దొరకునది మన సారాయి. దానికి వారు పెట్టిన ‘అరక్’ అను పేరు అరబ్బీభాషది; చెమట యని యర్థము. బట్టీలో ఆవిరి చెమటవలె బొట్టుబొట్టుగా దిగుటచే నా పేరు వచ్చినది. తెచ్చినది తెచ్చినట్లు త్రాగిన గొంతు మండును. నీరు పోసిన మంట తగ్గును, రుచి చెడును. చక్కెర, నిమ్మపండు, జాజికాయ ఇచ్చటి సంతలలో కావలసినంత దొరకును. అవి వేసిన రుచి తిరిగి వచ్చును. నిమ్మరసము ఓడవాండ్ర చిగుళ్ళ వ్యాధికి మందగునని తరువాతి శతాబ్దమున, 1747లో, జేమ్స్ లిండ్ అను వైద్యుడు పరీక్షించి చూచెను. ఆడమ్స్ జాబు వ్రాసిన 1632లోనే గోలకొండ ప్రభువు అబ్దుల్లా కుతుబ్‌షా ఆంగ్లేయులకు వర్తకపు హక్కులిచ్చుచు నొక ఫర్మానా దయచేసెను. దానిని బంగారు ఫర్మానా యందురు. ఒకే సంవత్సరమున మన దేశమునుండి వారికి వర్తకమును లభించినది, వారి పానీయమునకు పేరును వ్రాతకెక్కినది.

ఈ సంగతులన్నియు సముద్రతీరమునవి, మన మోతెకు వానితో నేమి పని యని మీరడుగవచ్చును. మచిలీపట్టణమునుండి గోలకొండకు పోవు రాజమార్గము మన సీమనుండియే పోవుచుండెను. రత్నవర్తకుడు తావెర్నియే తన దారిలోని మజిలీలను చెప్పుచు పానుగల్లును పేర్కొనినాడు. ఆ పానుగల్లు నల్లగొండ చెంతనున్నదే. భానుపురి యనబడిన సూర్యాపేటకును ఖమ్మమునకును నడుమ బాటప్రక్కనున్న మన మోతె చుట్టుపట్ల, తాడిచెట్టును ఈతచెట్టును లేని పొలిమేర యరుదు. ఆ చెట్ల కల్లు గోలకొండ రాజ్యమునకు ఎంత ముఖ్యమో తావెర్నియేయే వ్రాసినాడు. అయిదాఱు ఆమడల దూరమునుండి తోలుతిత్తులలో కల్లు నింపి, గుఱ్ఱమునకు చెఱియొక ప్రక్క నొక్కొక తిత్తి వ్రేలగట్టి, దుడుకునడకతో నగరమునకు తెచ్చుచుండిరట. దినమునకు అయిదాఱు వందల గుఱ్ఱములు! కల్లుపై పన్ను ప్రభువునకు గొప్ప యాదాయమట. ఆ పన్ను పెరుగుటకై నగరమున ఎట్టి వీథులను ప్రభువు ఓర్చుకొనెనో కూడ నతడు వ్రాసినాడు. అది యిచట చెప్పదగినది కాదు. తరువాత అసఫ్‌జాహీ ప్రభుత్వమున ఆబ్కారీ శాఖ యేర్పడి, చెట్టునకు పన్ను, దుకాణమునకు గుత్త యను పద్ధతి నడచినది. రాజులు మాఱిరి గాని ఖజానా కల్లుకుండను విడువలేదు.

ఇప్పుడు కలుపుటలోని పనితనమునుగూర్చి కొంత చెప్పవలెను. ఇది ఆడువారి విద్య యని మగవారు పట్టించుకొనరు, గాని సరియైన పానకము చేయుట సులభము కాదు. సోలెడు బెల్లపు పొడికి మానికెడు నీరు, అనగా ఒక పాలునకు నాలుగు పాళ్ళు. బెల్లమును ముందుగా కొద్ది నీటిలో కరగించి, పలుచని బట్టతో వడకట్టవలెను. బెల్లములో చెఱకుపిప్పియు ఇసుకయు నుండకపోవు. మిగిలిన నీరు తరువాత పోయవలెను. మిరియము మెత్తని పొడి కారాదు, కచ్చాపచ్చాగా దంచవలెను. మెత్తనిదైనచో మొదటి గ్రుక్కకే గొంతు పట్టును. ఏలకి చివరను, పాత్రపై మూత వేయుటకు ముందే. ముందుగా వేసినయెడల వాసన గాలికి పోవును. చిటికెడు ఉప్పు వేసినచో తీపి నిలుచును. మంగళగిరిలో పానకాలస్వామికి బిందెలకొలది పానకము పోయుదురు. స్వామి సగము గ్రహించి సగము విడుచునందురు. అంత పానకము ఒలికిన చోట నొక చీమయైనను కానరాదని భక్తుల మాట.

మజ్జిగ సంగతి వేఱు. అందు నీరు ఎంత పోసినను తప్పుగాదు, చిలుకకపోవుటయే తప్పు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు వేసవిలో పెట్టిన వానిని వర్ణించుచు, చెఱకుపాలు, లేతకొబ్బరినీరు, చల్లని పరిమళజలములతోబాటు నీరుచల్లను గూడ మఱువలేదు. సామ్రాజ్యము నేలిన ప్రభువునకు నీళ్ళమజ్జిగ విలువ తెలిసియున్నది. అల్లము, కరివేపాకు నలిపి, నిమ్మరసము నాలుగు బొట్లు పిండి, ఉప్పు వేసి, కవ్వముతో నురుగు వచ్చునట్లు త్రిప్పినచో మధ్యాహ్నపు టెండలో పొలమునుండి వచ్చినవానికి దానిని మించినది లేదు.

పంచ్‌నకును ఇట్టి కొలతయే యున్నది. పడమటి దీవులలో వాడుకయైన లెక్క యిది: పులుపు ఒక పాలు, తీపి రెండు, ఘాటు మూడు, నీరు నాలుగు. మొత్తము పది పాళ్ళు. మన పిల్లలకు భిన్నములు నేర్పుటకు ఇది మంచి లెక్కయే గాని బడిలో చెప్పరాదు! నూటికి నలుబది పాళ్ళు మద్యసారముగల సారాయి మూడు పాళ్ళు వేసినచో, కలిపిన పానీయమున నూటికి పండ్రెండు పాళ్ళు మద్యసారముండును. మన తాటికల్లులో సాధారణముగా నూటికి నాలుగైదు పాళ్ళు మాత్రమే. కావున పంచ్ కల్లునకు రెండు మూడింతలు బలమైనది. అయినను త్రాగువానికి అది సర్బత్తువలె తోచును. తీపియు పులుపును గొంతును మోసపుచ్చును గాని నెత్తురును మోసపుచ్చలేవు. కలిపిన మద్యమునందలి యపాయమంతయు ఇందే యున్నది.

ఈ పంచ్ ఓడలమీద ఇంగ్లండు చేరి, నూఱేండ్లకు పైగా అచ్చటి సభలలో రాజ్యమేలినది. అచటినుండి అమెరికాకు పోయి, గిన్నెనుండి గ్లాసులోనికి దిగినది. 1806లో న్యూయార్కు సీమలోని హడ్సన్ అను నూర వెలువడు నొక పత్రిక, కాక్‌టెయిల్ అనగా సారాయి, చక్కెర, నీరు, చేదుమూలికల రసము కలిపినదని మొదటి నిర్వచనము ప్రకటించెను. పులుపు పోయి చేదు వచ్చినది, తక్కినదంతయు పాతదే. 1862లో జెర్రీ థామస్ అను నాతడు పానీయములను కలుపు విధముపై పుస్తకము వ్రాసినపుడు, దానిలో మొదట నెత్తికొన్నది పంచ్‌లనే. 1858లో లండనులో క్వినైను కలిపిన సోడానీటికి పేటెంటు తీసికొనబడినది. మలేరియాకు వెఱచు దొరలు ఆ చేదునీటిని జిన్నుతో కలిపి హిందూదేశమున త్రాగజొచ్చిరి. ఆ మలేరియా క్రిమిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ 1897లో కనుగొన్నది మన సికిందరాబాదులోనే. మందు ముందు వచ్చినది, రోగకారణము తరువాత తెలిసినది.

ఇంతవఱకు చెప్పినది కలుపుటలోని నేర్పు. ఇక కలుపరానివానిని కలుపుటయు నున్నది. దానిని చెప్పకుండుట ధర్మముకాదు. చెట్టునుండి దిగిన కల్లు కొన్ని గంటలకే పులియును; దూరమునకు పోదు. పట్టణములు పెరిగి చెట్లు తఱిగినకొలది, కుండలో కల్లునకు మాఱు నీరును, తీపికి సాకరీనును, మత్తునకు క్లోరల్ హైడ్రేటును, డయాజిపామును, ఆల్ప్రాజోలమును కలుపువారు బయలుదేరిరి. ఇవి నిద్రకును, మనోవ్యాధికిని వైద్యులు తూచి యిచ్చు మందులు. 2020లో అంటువ్యాధివలన కల్లుదుకాణములు మూతపడినపుడు, తెలంగాణములో పెక్కురు వణకుచు, పిచ్చివారివలె పలవరించుచు ఆసుపత్రులకు వచ్చిరి. వారు మానలేనిది తాటిచెట్టు రసము కాదు, కుండలోని మందు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీకల్లు త్రాగి జనులు మరణించిరి. 2020 జూలైలో ప్రకాశము జిల్లా కురిచేడులో మద్యము దొరకక, చేతులు శుద్ధిచేసికొను ద్రవమును నీటితోను, తీపి సోడాలతోను కలిపి త్రాగి పదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. వారు చేసినదియు ఇంటి కలుపుడే. ఘాటు, తీపి, నీరు. దినుసుల లెక్కలో పంచ్‌నకు దగ్గఱయే. కాని ఘాటన్నది ఎక్కడినుండి వచ్చినదో ఎఱుగవలదా?

ఇందులకు ప్రతిగా చెప్పదగినది నెల్లూరు జిల్లా దూబగుంట. అక్కడ 1992లో వయోజనవిద్య తరగతులకు పోవు స్త్రీలు, తమ వాచకములోని పాఠము చదివి, మా యూరికి సారా వలదని యెదురు నిలిచిరి. ఉద్యమము జిల్లానుండి రాష్ట్రమునకు ప్రాకినది. 1993 అక్టోబరు 1వ తేదీనుండి సారాకు నిషేధము వచ్చినది. 1995 జనవరి 16న సంపూర్ణమద్యనిషేధము ప్రకటింపబడి, 1997లో సడలింపబడినది. ఖజానాకు కలిగిన నష్టమును కారణముగా చెప్పిరి. తావెర్నియే మాట మఱల జ్ఞప్తికి వచ్చుచున్నది. చట్టము నిలువలేదు గాని, అక్షరములు దిద్దిన చేతులు ప్రభుత్వముచేత సంతకము పెట్టించుట, పలక బలపము పట్టించుటలో జీవితము గడపిన నావంటివానికి చిన్నసంగతి కాదు.

గీతవృత్తివారియెడల ఈ మాటలు నిందగా నెవ్వరు గ్రహింపరాదు. మోకు, ముత్తాదు నడుమున బిగించుకొని, తెల్లవాఱక మునుపే ఆకాశమంత చెట్టెక్కి లొట్టి దింపువాడు కుండలో మందు కలుపువాడు కాడు. కల్తీ దారిలోను, దుకాణములోను జరుగును. అపకీర్తి మాత్రము చెట్టెక్కినవానికి వచ్చును. వానికి తెలిసిన కలుపుడు ఒక్కటే. లొట్టి లోపల సున్నము పూసి చెట్టునకు గట్టును. ఆ సున్నమువలన రసము పులియక తీయగనే యుండును. అదియే నీరా. 2023లో హైదరాబాదున హుసేనుసాగరపు గట్టున దానిని అమ్ముటకై ప్రభుత్వమే యొక శాల తెఱచినది. ఆ తీపిరసమును పెనములో కాచి, గరిటెకు తీగ సాగువఱకు త్రిప్పి, చల్లార్చిన తాటిబెల్లమగును. నవమినాటి పానకమునకు చెఱకుబెల్లముకంటె ఇది నల్లగా నుండును, వాసన కొంచెము పొగచూరినట్లుండును. మిరియము రెండు గింజలు తక్కువ వేయవలెను.